గదిలాంటి నీళ్లు

వాషింగ్ మిషన్‌లో వేసే ముందు దుప్పట్లు దులపాలి. దులపకుండా వేస్తే ఇసుకంతా లోపలికి పోయి మిషన్ మొరాయిస్తుంది. అందుకని అనెజీనా రోజూ పొద్దున్నే, అద్దె గదుల్లోని అతిథులు కాఫీకి కిందికి దిగగానే, వాళ్ల పక్కల మీది దుప్పట్లు నాలుగు మూలలూ కలిపి మూటగట్టి డాబా మీదికి మోసుకొస్తుంది. పిట్టగోడ దగ్గర నిలబడి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఒక్కసారి విదిలిస్తుంది. ఇసుక ఎండలో మెరుస్తూ రాలుతుంది.

ఎవరు నిన్న ఎక్కడికి వెళ్లారో ఆమె ఎవరినీ అడగదు. దుప్పటి చెబుతుంది. నల్లగా మిరియాల పొడిలా ఉంటే దక్షిణం వైపు తీరం. జల్లించిన పిండిలా మెత్తగా, పచ్చగా ఉంటే బస్సు వెళ్లే పెద్ద బీచి. గవ్వముక్కలు కలిసి గరగరలాడితే చర్చి వెనకాల చిన్న రేవు. ద్వీపంలోని తీరాలన్నీ ఆమె వేళ్లకి తెలుసు. కాళ్లకి తెలియవు.

ఆ పొద్దున సముద్రం కనబడే గదిలోని దుప్పటి విదిలిస్తే గులాబీ రంగు ఇసుక రాలింది. అనెజీనా ముందు తన కళ్లనే నమ్మలేదు. ఎవరిదైనా పౌడరేమో అనుకుంది. వంగి చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపింది. ఇసుకే. దానిమ్మగింజ పైపొరలాంటి రంగు. చీపురు తీసుకుంటే ఒక్క ఊడ్పుకి పోయేది. తీసుకోలేదు. అరచేతిలో పోసుకుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తూ నిలబడిపోయింది.

"ఏమే, దుప్పటి దులుపుతున్నావా, దాంతో కబుర్లు చెబుతున్నావా?" కింద వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్త మోస్కూలా కేకేసింది.

"అత్తా, గులాబీ రంగు ఇసుక ఎక్కడుంటుంది?"

"నా తలకాయలో ఉంటుంది. పొయ్యి మీద కాఫీ పొంగుతోంది, ముందు దాని రంగు చూడు!" అని, గోడ అవతలి పక్కింటావిడతో గొంతు తగ్గించకుండానే అంది. "క్సేని కదమ్మా. పాతికేళ్లయినా రేవు బతుకు అలవాటు కాలేదు. కొండమేకకి సముద్రం చూపిస్తే ఉప్పు నాకుతూ కూర్చుంటుంది."

క్సేని. ఆ ద్వీపంలో ఆ మాటకి రెండర్థాలు. పరాయిది అని ఒకటి, అతిథి అని ఒకటి. మాట ఒకటే, పలుకూ ఒకటే. ఏ అర్థమో చెప్పే నోటిని బట్టి తెలుసుకోవాలి. మోస్కూలా నోట్లో ఆ మాట పొద్దుగూకేదాకా నలుగుతూనే ఉంటుంది. "క్సేనులకి చల్లటి నీళ్లు ఇచ్చావా?" "క్సేనులు తినకుండా మనం తింటే పాపం." "సముద్రం కనబడే గది క్సేనులకి. మనకెందుకే, రోజూ చూసే సముద్రమే కదా." ఇదంతా ఒక అర్థం. "క్సేని చేతి వంట ఇలాగే ఏడుస్తుంది." "మా ఇంటి సంగతులు క్సేనికెందుకు?" ఇది రెండో అర్థం. నిజానికి అనెజీనా పుట్టింది ఈ ద్వీపంలోనే, కొండ మీది పై ఊళ్లో. బస్సు ఎక్కితే అరగంట. కానీ రేవువాళ్లకి కొండవాళ్లు ఎన్నటికీ క్సేనులే. పెళ్లయి ఈ గడప తొక్కిన రోజున మోస్కూలా వెండి పళ్లెంలో ద్రాక్షపళ్ల పాకం, చెంచా, చల్లటి నీళ్ల గ్లాసు పెట్టుకుని ఎదురొచ్చింది. ఇంటికొచ్చిన క్సేనికి అది మర్యాద. మర్నాడు పొద్దున్న ఆ పళ్లెమే ఆమె చేతిలో పెట్టి, "క్సేనులొచ్చారు, తీసుకెళ్లి ఇవ్వు" అంది. ఒక్క రాత్రిలో తను ఆ మాట ఒక అర్థంలోంచి ఇంకో అర్థంలోకి జారిపోయిందని అనెజీనాకి అప్పుడు తట్టలేదు. పని అంత ఎక్కువగా ఉండేది.

గులాబీ ఇసుక గదిలో ఉన్నది ఇంగెర్. డెన్మార్కులో బస్సు నడిపి రిటైరైన మనిషి. మూడు వేసవులుగా ఒక్కతే వస్తోంది. గ్రీకు మాటలు ఏరుకుని ఏరుకుని మాట్లాడుతుంది, వచ్చిన ప్రతి మాటనీ సంచిలో వేసుకున్నట్టు దాచుకుంటుంది. అనెజీనా ఆమె ముందు రొట్టె, తేనె పెడుతూ అడిగింది.

"మీ పక్కలో ఇసుక..."

"అయ్యో! తప్పు, తప్పు. నేను కాళ్లు కడుగు లేదు."

"అది కాదు. ఎక్కడిది అని."

ఇంగెర్ మొహం వెలిగిపోయింది. "రొదియా! నిన్న పడవ. మీ మొగుడు పడవ." రెండు చేతులూ చాపి, పైకెత్తి, మళ్లీ దగ్గరికి తెచ్చింది. మాట దొరకలేదు. కళ్లు మూసుకుని వెతుక్కుంది. "నీళ్లు... గది. గది లాగా."

"గదిలాగా?"

"ఆఁ. గది నీళ్లు." అంతకంటే మంచి మాట దొరకలేదన్నట్టు తలూపి రొట్టె కొరికింది. "మీరు చూసారు కదా?"

"చూశాను. చాలాసార్లు" అంది అనెజీనా.

ఎందుకు అబద్ధమాడిందో ఆమెకే తెలియలేదు. మొగుడి పడవ వెళ్లే చోటు ఎలా ఉంటుందో తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. కానీ ఆ మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. గది నీళ్లు. గదులంటే ఆమెకి తెలియనివి కావు. పై అంతస్తులో నాలుగు, వాకిట్లో రెండు. ఒక్కో గదిలో ఏ మూల సాలెగూడు పడుతుందో, ఏ అద్దం మీద పళ్లు తోముకున్న నురగ చిందుతుందో, ఏ మంచం కింద జుట్టు ఉండలు కట్టి దొర్లుతుందో చీకట్లో కూడా చెప్పగలదు. నీళ్లు గదిలా ఎలా ఉంటాయి? గోడలుంటాయా? తలుపుంటుందా?

అప్పుడే మోస్కూలా కాఫీ గిన్నె పట్టుకుని వచ్చింది. మాటలు చెవిన పడ్డట్టున్నాయి. "రొదియా సంగతి దాన్నడుగుతావేంటమ్మా? దానికేం తెలుసు? అది క్సేని" అంది.

ఇంగెర్ చెంచా కింద పెట్టేసింది. అనెజీనా వంక, మోస్కూలా వంక, మళ్లీ అనెజీనా వంక చూసింది. "మీరు కూడా క్సేని? మూడు ఏళ్లు నేను ఈ ఇల్లు అమ్మ అనుకున్నాను! క్షమించు, క్షమించు. క్సేని అయితే కప్పులు ఎందుకు కడుగు? కూర్చో, కూర్చో!" అని లేచి పక్క కుర్చీ లాగింది.

మోస్కూలా నవ్వు ఆపుకోలేక గిన్నె బల్ల మీద పెట్టేసి నల్లటి తలగుడ్డ అంచుతో కళ్లు తుడుచుకుంది. "విన్నావే! నిన్ను కూర్చోబెట్టి కాఫీ పోయమంటోంది!" అనెజీనా కూడా నవ్వింది. ఇంగెర్ ఒక్కతే నవ్వలేదు. ఆమె తప్పేమీ మాట్లాడలేదు మరి. నిఘంటువు ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. అనెజీనా కుర్చీలో కూర్చోలేదు గానీ, పొద్దంతా గదులు ఊడుస్తుంటే ఎవరో తన కోసం లాగిపెట్టిన ఆ కుర్చీ కాళ్లకి అడ్డం పడుతున్నట్టే అనిపించింది.

సాయంత్రం మొగుడు స్తమాతిస్ పడవ కట్టేసి ఇంటికొచ్చాడు. చేపల కాలం పోయి యాత్రికుల కాలం వచ్చాక వలలు అటకెక్కించి, పడవలో బల్లలు వేయించి, నీడకి గుడ్డ కట్టించి, రేవులో "ద్వీపం చుట్టూ" అని బోర్డు పెట్టినవాడు. పడవకి తల్లి పేరు పెట్టుకున్నాడు. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలతో మోస్కూలా. బోర్డు మీద ఉన్నట్టు ద్వీపం చుట్టూ ఏనాడూ తిరగలేదు. వేసవంతా ఉత్తరం నుంచి మెల్తెమి గాలి కొడుతూనే ఉంటుంది, రొదియా ఉన్న ఆ వైపుకి పడవ పోదు. ఆ గాలి పడిపోయేసరికి యాత్రికులు ఉండరు. ఈ ఏడు మాత్రం సెప్టెంబరు మొదట్లోనే, ఎవరో దీపం ఆర్పినట్టు గాలి ఆగిపోయింది.

అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాక అనెజీనా అడిగింది.

"రొదియాదాకా వెళ్తున్నావటగా?"

"ఆఁ. సముద్రం నూనె పోసినట్టుంది. నా జన్మలో చూడలేదు ఇలాంటి సెప్టెంబరు."

"రేపు నేనూ వస్తాను."

ఫోర్కు ఆగిపోయింది. "ఎక్కడికి?"

"పడవ మీద."

"ఎందుకు? వంట్లో బాలేదా?" ఆ రేవులో ఆడవాళ్లు పడవెక్కేది పెద్ద ద్వీపం నక్సోస్‌లోని ఆసుపత్రికి వెళ్లడానికే.

"బానే ఉంది. చూడటానికి."

"ఏం చూస్తావు? నీళ్లు. ఇక్కడ లేవా?"

"రొదియాలో బట్టలారేసే తాడు ఉందేమోరా, చూసొస్తుంది" అంది మోస్కూలా పక్కనుంచి.

"నెలాఖరుకి పడవ అమ్మేస్తున్నావుగా స్తమాతీ. మళ్లీ ఎప్పుడు చూస్తాను?"

"చలికాలంలో ఎప్పుడైనా..." అలవాటుగా మొదలుపెట్టి, చలికాలానికి పడవ ఉండదని గుర్తొచ్చి ఆగిపోయాడు. మోకాళ్లు అరిగిపోయాయని, పక్క ద్వీపం అతనితో బేరం కుదుర్చుకున్నది తనే. ఆ విసుగంతా గొంతులోకి వచ్చింది. "అయినా పడవలో బల్లలు క్సేనుల కోసం. నువ్వెక్కి కూర్చుంటే నలుగురూ ఏమంటారు? పెళ్లాన్ని షికారు తిప్పుతున్నాడంటారు."

అంటే ఏమవుతుందో అనెజీనాకి నిజంగానే అర్థం కాలేదు. కంచాలు కడుగుతూ ఆ మాటనే తిరగేసింది. పెళ్లయిన కొత్తలో అతనే అన్నాడు, వచ్చే చలికాలం ద్వీపమంతా తిప్పి చూపిస్తానని. ఆ చలికాలం సముద్రం పోటెత్తింది. ఆ తర్వాతి చలికాలం కూతురు కడుపులో ఉంది. ఆ పైయేడు పడవ గట్టు మీదికి లాగి రంగేస్తున్నారు. వేసవి అడిగితే, "వేసవిలోనా? మతుండే మాట్లాడుతున్నావా? ఇల్లు నిండా క్సేనులు!" అనేవాడు. వేసవి నిండా పని, చలికాలం నిండా సముద్రం. ఆ రెంటి మధ్య ఎక్కడా ఆమె పట్టేంత సందు లేదు. కూతురు పెరిగి ఏథెన్సులో ఉద్యోగంలో చేరి, "అమ్మా, మీ ద్వీపం ఎంత బావుంటుందో అని మా ఆఫీసులో అందరూ అంటారు, నువ్వు ఏ బీచికెళ్తావు?" అని ఫోనులో అడిగితే, "అన్నిటికీ" అంది. అప్పుడూ అబద్ధమే. అబద్ధం అని కూడా అనిపించలేదు, అన్ని తీరాలూ డాబా మీదికి వస్తూనే ఉన్నాయి కదా. ఇప్పుడు ఈ ఒక్కటి మాత్రం కుదురుగా ఉండనివ్వడం లేదు. కోపం కాదు. కోపమైతే ఆమెకి తెలుసు, గిన్నెలు గట్టిగా పెడితే చల్లారుతుంది. ఇది దురదలాంటిది. గది నీళ్లు అంటే ఏమిటి? గాలి మళ్లీ ఎప్పుడైనా లేవొచ్చు. పడవ నెలాఖరుకి పోతుంది. గాలికీ బేరానికీ మధ్య మిగిలినవి ఈ కొన్ని రోజులే. ఇప్పుడు తెలుసుకోకపోతే, ఒక డేనిష్ బస్సు డ్రైవరు తలకాయలో మాత్రమే ఉండిపోయే గది అది.

మర్నాడు పొద్దున్న రోజూలాగే లేచింది. రోజూలాగే టొమాటోలు తొలిచి, బియ్యం, పుదీనా, ఉల్లిపాయ కూరి, నూనె పోసి పొయ్యిలో పెట్టింది. పడవ మీద మధ్యాహ్నం అతిథులకి పెట్టే భోజనం అదే. రోజూ పెద్ద పళ్లాన్ని గుడ్డలో చుట్టి రేవుదాకా మోసుకెళ్లి, గట్టు మీద నిలబడి మొగుడి చేతికందించి వచ్చేస్తుంది. ఇవాళ వెళ్లేముందు నడుముకి కట్టుకున్న ఏప్రను తీసి తలుపు వెనక మేకుకి తగిలించింది.

"అత్తా, సాయంత్రానికొస్తాను."

"ఎక్కడినుంచి?"

"పడవ దిగి."

 మోస్కూలా గొంతు వీధి చివరిదాకా వినబడింది. "గదులెవరు సర్దుతారే? దుప్పట్లెవరు దులుపుతారు? ఒసే! మతి పోయిందా నీకు? మెట్ల మీద పళ్లెం జాగ్రత్త, నూనె కారుతోంది!"

గట్టు దగ్గర అతిథులు ఒక్కొక్కరే పడవెక్కుతున్నారు. స్తమాతిస్ ప్రతి ఆడమనిషికీ చెయ్యందించి, "జాగ్రత్త మేడమ్, మెల్లిగా మేడమ్" అంటున్నాడు. ఆ గొంతు అనెజీనా ఎప్పుడూ వినలేదు. ఎంత మెత్తగా ఉందో! ఇన్నేళ్లూ ఎక్కడ దాచాడు దీన్ని, అని వింతగా చూసింది. ఆమెని చూసి అతను పళ్లెం కోసం చేతులు చాపాడు. ఆమె పళ్లెం వదల్లేదు. పళ్లెంతో సహా చెక్క మీద కాలు పెట్టి లోపలికి దిగింది. పళ్లెం ఇంజను పెట్టె మీద పెట్టి, వెనక బల్ల చివర ఇంగెర్ పక్కన కూర్చుంది.

"అనెజీనా." అతని గొంతు మళ్లీ ఇంటి గొంతైపోయింది. "దిగు. బల్లలు క్సేనుల కోసమని చెప్పానా?"

ఇంగెర్‌కి అందులో ఒక్క మాట బాగా అర్థమైంది. ఆమె లేచి నిలబడి, బస్సులో అరిచే గొంతుతో, సాయం చేస్తున్నానన్న ఉత్సాహంతో చెప్పింది.

"ఈమె క్సేని! నిన్న మీ అమ్మ చెప్పారు!"

గట్టు మీద వలలు బాగు చేసుకుంటున్న ముసలాళ్లు పకపక నవ్వారు. "ఒరే స్తమాతీ, క్సేనిని పడవ దింపుతావట్రా! దేవుడు చూస్తున్నాడు!" "చెయ్యందించలేదు పైగా! మేడమ్ అనరా, మేడమ్ అను!"

స్తమాతిస్ చెవులు ఎర్రబడ్డాయి. అనెజీనా నవ్వలేదు, తలా దించుకోలేదు. ఆ మాటని మొదటిసారి విప్పి చూస్తున్నదానిలా మెల్లిగా అంది.

"మీ అమ్మ పాతికేళ్లుగా చెబుతున్నదే కదా స్తమాతీ. ఈమె నిన్న విన్నది."

క్సేనుల ముందు గొంతెత్తడం ఆ రేవులో తలవంపులు. అతను తాడు విప్పాడు.

పడవ రేవు దాటింది. అనెజీనాకి అన్నీ కావాలి. ఇంజను ఎందుకలా దగ్గుతుంది, ఆ తెల్లటి పిట్టలు మనవెంటే ఎందుకొస్తాయి, ఆ రాతి మీద చిన్న గుడి ఎవరు కట్టారు. ఇంగెర్ తనకి తెలిసినంత చెప్పింది, తెలియనిదానికి భుజాలెగరేసింది. స్తమాతిస్ నల్ల తీరం చూపించి, ఇక్కడ ఒకప్పుడు సముద్రపు దొంగలు బంగారం పాతిపెట్టారని అతిథులకి చెబుతున్నాడు. అనెజీనా అతని వెనక్కి వెళ్లి చెవిలో అడిగింది, "నిజమేనా?"

"నాకేం తెలుసు?" అన్నాడు చుక్కాని మీంచి చూపు తిప్పకుండా. "ఏదో ఒకటి చెప్పాలిగా." చెప్పాక తనే కాస్త నవ్వాడు.

పడవ ఉత్తరం వైపు మలుపు తిరిగింది. ఒక్కసారిగా కొండ నిటారుగా లేచింది. పైన, మబ్బుకి ఆనుకుని, ఉప్పురాయి పగిలినట్టు తెల్లగా కొన్ని ఇళ్లు. అనెజీనా చాలాసేపు చూసి గానీ పోల్చుకోలేకపోయింది. పై ఊరు. తను పుట్టిన ఊరు. చిన్నప్పుడు ఆ చివర గోడ మీద కూర్చుని కిందికి చూస్తే సముద్రం ఒక నీలం బట్ట, అంతే. "అటు వెళ్లకు, పడిపోతావు" అనేది అమ్మ. కొండకి కింద పాదం ఉంటుందని, ఆ పాదం నీళ్లలో ఉంటుందని తను ఎప్పుడైనా అనుకుందా? ఆ పైన ఎవరో ఒకావిడ బట్టలారేస్తోంది. చీమంత కనబడుతోంది. చెయ్యెత్తి ఊపాలనిపించింది. ఊపింది. ఆవిడకి కనబడి ఉండదు.

ఆ కొండ పాదంలోనే ఒక చీలిక. పడవ అందులోకి దూరి, ఇంజను ఆగింది.

ముందు చప్పుడు పోయింది. సముద్రం చప్పుడంతా ఎవరో తలుపు వేసినట్టు వెనక ఉండిపోయింది. మూడు వైపులా రాతిగోడలు. పైన రాయి సగందాకా ముందుకు వంగి కప్పులా ఉంది. నీళ్ల మీద పడ్డ వెలుతురు ఎగిరి ఆ కప్పు మీద అల్లుకుంటూ, విడిపోతూ, మళ్లీ అల్లుకుంటోంది. నీళ్లు అడుగుదాకా కనబడుతున్నాయి. అడుగున నేల ఉంది, నేల మీద పడవ నీడ ఉంది. ఎదురుగా నాలుగు దుప్పట్లు పరిచినంత గులాబీ ఇసుక. ఇంగెర్ ఆమె మొహంలోకి చూసి, "గది?" అంది.

"గది" అంది అనెజీనా.

చెప్పులు పడవలోనే వదిలేసి మోకాలిలోతు నీళ్లలో నడిచింది. కొండపిల్ల, ఈత రాదు. ఇసుక మెత్తగా కాలికింద జరిగి మళ్లీ సర్దుకుంది. నడిగదిలో, అలా అనుకోవచ్చునేమో, నిలబడి చుట్టూ చూసింది. మూలలు చూసింది, అలవాటు మరి. సాలెగూళ్లు లేవు. జుట్టు ఉండలు లేవు. రేపు మళ్లీ రావాల్సిన దుమ్ము లేదు. తను అడుగు పెట్టాక కూడా ఎవరూ ఊడ్వక్కర్లేని గది లోకంలో ఒకటుందని, అది తను పుట్టిన ఇంటికి సరిగ్గా కిందే ఇంతకాలమూ ఉందని, ఆ సంగతి ఎవరూ తనకి చెప్పలేదని, చెప్పినా నమ్మేది కాదని, అన్నీ ఒకేసారి అనిపించాయి. ఏడుపు రాలేదు. ఇంకా ఎన్ని ఉన్నాయో అనిపించింది.

"అనెజీనా! పళ్లాలు!" పడవ మీంచి స్తమాతిస్ కేక. భోజనం వేళయింది.

ఆమె నీళ్లలో నడుచుకుంటూ వచ్చి తన చోట్లో కూర్చుంది. "రోజూ ఎవరు వడ్డిస్తారు?"

"నేనే."

"మరింకేం."

అతను గరిటె పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత వరసగా అందరికీ పెట్టుకుంటూ వచ్చాడు. ఆమె దగ్గరికొచ్చేసరికి ఎటు చూడాలో తెలియక టొమాటోనే చూస్తూ పెట్టాడు. తన చేతి వంటని కూర్చుని, వేడి చల్లారకముందే తినడం ఆమెకి కొత్త. రెండు ముద్దలు తిని తలెత్తింది.

"ఉప్పు తక్కువైంది."

"రోజూ అంతే" అన్నాడతను.

"మరి చెప్పలేదే?"

స్తమాతిస్ ఆలోచించాడు. "నువ్వూ తింటున్నావనుకున్నా."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లో దుప్పట్లు వంకరటింకరగా ఆరేసి ఉన్నాయి. మిషన్ మూలుగుతూ మూలుగుతూ ఆగిపోయి ఉంది. మోస్కూలా దానికెదురుగా ముక్కాలిపీట మీద, శత్రువుకి కాపలా కాస్తున్నట్టు కూర్చుంది. తలగుడ్డ జారిపోయింది. కాళ్లు వాచి చెప్పుల్లోంచి పొంగుకొస్తున్నాయి.

"వచ్చావా, దొరసానీ! మా అత్త ఉండుంటే ఈపాటికి ఆ మెట్ల మీంచి దొర్లించేది నిన్ను. మిషన్ చచ్చింది చూడు. దులపాలని దానికి నోరుండి చెబుతుందా?"

అనెజీనా వంగి కింది మూత తీసింది. తడి ఇసుక ముద్దగా పడింది. నలుపు, పసుపు, గులాబీ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వేలితో గొట్టం శుభ్రం చేయడం మొదలుపెట్టింది. ముసలావిడ కాసేపు సణిగింది. గుమ్మం మీద పిల్లిని తిట్టింది, మోకాళ్లని తిట్టింది. తిట్టేవి అయిపోయాక, ఆకాశం వంక చూస్తూ, ఎవరినీ అడగనట్టు అడిగింది.

"గదిలా ఉందందిగా ఆ డ్రైవరమ్మ. ఉందా?"

అనెజీనా చెయ్యి ఆగింది.

"ఏమే, నోట్లో సముద్రం పోసుకొచ్చావా? చెప్పు, ఎలా ఉంది?"

చెప్పాలని నోరు తెరిచింది. రాతికప్పు, దాని మీద వెలుతురు, తలుపు వేసినట్టు ఆగిపోయిన చప్పుడు, అన్నీ నాలిక చివర ఉన్నాయి. అత్త మొహం చూసింది. పుట్టి బుద్ధెరిగి ఈ రేవు దాటని మనిషి. ఈ ఇల్లు నాది, ఈ రేవు నాది, నేను క్సేనిని కాదు అని బతుకంతా చెప్పుకున్న మనిషి. తన పేరు రాసిన పడవ రోజూ కళ్లముందు నుంచే వెళ్లి వస్తుంటే, దాని బల్ల మీద ఒక్కసారి కూర్చోని మనిషి. ఆవిడకి కూడా ఇన్నేళ్లూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు, అది అలా ఉంటుంది, ఇది ఇలా ఉంటుంది అని. ఇప్పుడు తనూ చెబితే, చెప్పేవాళ్లలో ఇంకొకతె అవుతుంది.

"చెప్పను అత్తా. రేపు పడవ ఉంది."

"నేనా?" మోస్కూలా గుండె మీద చెయ్యేసుకుంది. "ఈ వయసులోనా? దుప్పట్లో?"

"నేను దులుపుతాను."

"చోటుండొద్దూ?"

"నీ పేరు పెట్టుకుని తిరుగుతోంది. నీకు చోటు లేదంటే దాన్ని నీళ్లలో ముంచేస్తాను."

ముసలావిడ గడ్డం పైకెత్తి నాలికతో 'త్స' అంది. ఆ ఊళ్లో అది 'కుదరదు' అన్నట్టు. గోడ పట్టుకుని లేచి, మోకాళ్లని మరో రెండు తిట్టి లోపలికి వెళ్లిపోయింది. తలుపు చప్పుడైంది. అనెజీనా మూత బిగించి, మిషన్ మళ్లీ పెట్టింది. అది గురగురమని తిరగడం మొదలుపెట్టాక, ఆ చప్పుడులోంచి, కిటికీ వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏమే, ఆ ఇసుక మీద చెప్పులతో నడవాలా, వట్టికాళ్లతోనా?"